పింజారి అనే మాటనే పుస్తకం పేరు చేసుకున్న బుర్రకథ నాజర్

పొన్నెకల్లు పేరు వినగానే అది మా పొన్నూరు పక్కనే ఉండే పల్లె అనుకుంటారు చాలామంది. పేర్లు అలా కలిశాయి అంతే. పొన్నూరు గుంటూరు నుంచి బాపట్ల వెళ్లే దారిలో ఉంది. పొన్నెకల్లు గుంటూరుకు ఇంకో వైపున, తాడికొండ మండలంలో ఉంది. పేర్లు పక్కన పెడితే ఈ రెండు ఊళ్లకీ ఇంకో చుట్టరికం ఉంది. పత్తి, మిరప పండే ఈ గుంటూరు, ప్రకాశం పల్లెల్లో దూదేకుల వాళ్ల ఇళ్లు ఎక్కడ చూసినా కనిపిస్తాయి. అలాంటి ఇంట్లోనే 1920 ఫిబ్రవరి 5న పొన్నెకల్లులో షేక్ నాజర్ పుట్టారు. తర్వాత తెలుగువాళ్లందరూ ఆయన్ని బుర్రకథ పితామహుడు అన్నారు.

మన ఇళ్లల్లో నానీలకీ దాదాలకీ ఆయన పేరు బాగా తెలుసు. ఇప్పటి పిల్లలకి తెలిస్తే జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో ఒక లైనుగా తెలుసు: బుర్రకథ, నాజర్, పద్మశ్రీ. పరీక్షకి ఆ లైను చాలు. కానీ పద్మశ్రీ దగ్గర మొదలుపెడితే ఆయన జీవితం సగమే అర్థమవుతుంది. పేదరికం దగ్గర మొదలుపెట్టాలి. పేదరికంలో, కులం పేరుతో వచ్చే చిన్నచూపులో పెరిగిన ఒక పిల్లాడికి పాట, నాటకం ఎవరో కూర్చోబెట్టి నేర్పారు. ఆ నేర్పడం ఆ పిల్లాడికి ఏం చేసింది, పెద్దయ్యాక అతను ఇంకెంతమంది పిల్లలకి నేర్పాడు అన్నదే ఈ కథలో నాకు పెద్ద విషయం అనిపించింది.

దూదేకుల వాళ్లని పింజారీలు అంటారు, నూర్‌బాషీలు అంటారు, లద్దాఫ్ అని కూడా అంటారు. పత్తిని విల్లుతో ఏకి, పరుపులకీ దిండ్లకీ వడకడానికీ పనికొచ్చేలా చేయడం వాళ్ల వృత్తి. నమాజు చదువుతారు, ఇంట్లో ఎక్కువమంది తెలుగు మాట్లాడతారు. ఉర్దూ మాట్లాడే ముస్లింలు కొందరు వీళ్లని పూర్తిగా మనవాళ్లు అనుకోలేదు. ఊళ్లో మిగతా వాళ్లు సాయిబులనే చూశారు. అటూ ఇటూ కాని ఈ నడిమి బతుకు ఎలా ఉంటుందో అనుభవించిన వాళ్లకే తెలుసు. పైగా తెలుగులో పింజారి అన్న మాట తిట్టుగా మారిపోయింది. ఎవడి మీదైనా కోపం వస్తే నోటికొచ్చే మాటల్లో అదొకటి. ఆ మాటే తన కులం పేరు అయిన పిల్లాడు దాన్ని బడిలో, బజార్లో వింటూ పెరగాలి. ఇది చిన్న విషయం కాదు. మన పెద్దలు కూడా దీని గురించి ఎక్కువ మాట్లాడరు.

నాజర్ ఇంట్లో డబ్బు లేదు, కానీ పాట ఉంది. వాళ్ల వంశంలో గాత్రం, వాద్యం తరతరాలుగా ఉన్నాయి. మన ప్రాంతంలో ఇది వింతేమీ కాదు. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానా సాహెబ్ నాదస్వరంతో దేశమంతా పేరు తెచ్చుకున్నారు. శ్రీరంగంలో స్థిరపడి శిష్యుల్ని తయారు చేశారు. చిలకలూరిపేట చుట్టుపక్కల కూడా నాదస్వరం వాయించే ముస్లిం కుటుంబాలు ఉన్నాయి. గుడిలో వాయించి ఇంటికొచ్చి నమాజు చదువుకునే మనుషులు ఈ నేల మీద కొత్త కాదు. నాజర్ పసితనంలోనే రాగం, తాళం చెవిలో పడ్డాయంటే ఆ ఇంటి వాతావరణం అలాంటిది.

అయితే చెవిలో పడటం వేరు, నేర్చుకోవడం వేరు. నాజర్‌కి ఆ తేడా పొన్నెకల్లు బడిలో మొదలైంది. బడి పిల్లలు నాటకం వేశారు. అందులో ద్రోణుడి పాత్ర నాజర్‌ది. చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు.

ద్రోణుడి కథ మన పల్లెల్లో అందరికీ తెలుసు. చేతిలో విద్య ఉండి, ఇంట్లో గింజలు లేని మనిషి. కొడుకు అశ్వత్థామ పాలు కావాలని ఏడిస్తే, తోటి పిల్లలు పిండి కలిపిన నీళ్లు పాలని చెప్పి తాగిస్తారు. ఆ పిల్లాడు నిజంగా పాలు తాగాననుకుని గంతులేస్తాడు. అది చూసి తండ్రి గుండె పగిలి, చిన్ననాటి స్నేహితుడైన రాజు దగ్గరికి సాయం కోసం వెళ్తే అక్కడ అవమానం ఎదురవుతుంది. లేమి తెలిసిన ఇంటి పిల్లాడికి ఆ పాత్ర ఇస్తే అతనికి నటన నేర్పాల్సిన పని పెద్దగా ఉండదు. తన ఇంట్లో పైకి చెప్పుకోలేనిది అక్కడ ఇంకొకరి పేరు మీద, ఇంకొకరి మాటల్లో, పదిమంది ముందు తలెత్తుకుని చెప్పొచ్చు. ఇది నా ఊహే, కానీ ద్రోణుడి కథ తెలిసిన ఎవరికైనా ఈ ఆలోచన రాకుండా ఉండదు.

ఆ నాటకం చూసి ఊరుకోని మనిషి ఒకరున్నారు. ఆయన ఖాదర్, హార్మోనియం వాయించే మనిషి. ఆయన నాజర్‌ని బాలరత్న సభ అనే నాటక సమాజంలో చేర్పించారు. నరసరావుపేటలో మురుగుళ్ల సీతారామయ్య గారి దగ్గర సంగీతం నేర్చుకునే ఏర్పాటు చేశారు. ఒక దూదేకుల పిల్లాడు, ఒక ముస్లిం హార్మోనిస్టు, ఒక హిందూ సంగీత గురువు. ఈ ముగ్గురూ కలవడంలోనే మన ప్రాంతం ఒకప్పుడు ఎలా ఉండేదో కనిపిస్తుంది. నేను కామర్స్ చదివిన మనిషిని, ప్రతిదానికీ లెక్క వేసే అలవాటు పోదు. ఖాదర్ సాహెబ్ ఆ రోజు ఇంత చొరవ చూపించకపోతే, చప్పట్లు కొట్టి ఇంటికి వెళ్లిపోయి ఉంటే, ఆంధ్రలో బుర్రకథ చరిత్ర వేరేగా ఉండేది. ఆయన పెట్టిన శ్రమ ఏ పద్దులో రాయాలి? ఖర్చా, పెట్టుబడా?

నాటక సమాజంలో నాజర్‌కి ఎక్కువగా ఆడవేషాలు ఇచ్చారు. అప్పట్లో గొంతు బాగున్న మగపిల్లలకి అవే ఇచ్చేవారు. కృష్ణలీలల్లో దేవకి, శ్రీకృష్ణ తులాభారంలో రుక్మిణి, భక్త రామదాసులో చాందినీ. ఈ పాత్రల్ని ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. దేవకి జైల్లో ఉన్న తల్లి, కన్న బిడ్డల్ని కళ్ల ముందే పోగొట్టుకున్న తల్లి. ఇక తులాభారంలో సత్యభామ నగలన్నీ వేసినా తూగని తక్కెడ రుక్మిణి వేసిన ఒక్క తులసి దళంతో తూగుతుంది. బంగారం లేని ఇంటి పిల్లాడు రోజూ రాత్రి స్టేజి మీద నిలబడి, బంగారం కంటే ఆకు బరువైన కథని పాడాడు. ఊరు ఊరంతా కూర్చుని విన్నది.

ఇప్పుడు మానసిక వైద్యులు చెప్పే సంగతి ఒకటుంది. చిన్నప్పుడు తగిలిన గాయం మాటల్లో ఉండదు, ఒంట్లో ఉంటుంది. పిల్లాడిని కూర్చోబెట్టి ఏమైందో చెప్పు అంటే చెప్పలేడు. చెప్పడానికి మాటలు ఉండవు, ఉన్నా భయం. అదే పిల్లాడికి తాళం ఇస్తే ఒళ్లు కుదుటపడుతుంది, ఎందుకంటే తాళంలో తర్వాత ఏమొస్తుందో ముందే తెలుసు. దెబ్బలు తిన్న పిల్లాడి రోజుల్లో లేనిది అదే, తర్వాత ఏమొస్తుందో తెలియడం. పాత్ర ఇస్తే తన బాధకీ తనకీ మధ్య కాస్త దూరం దొరుకుతుంది. గుంపులో పాడిస్తే ఒంటరి కాదని తెలుస్తుంది. 1920లు, 30ల్లో నరసరావుపేటలో ఎవరికీ ఈ సిద్ధాంతం తెలియదు. సీతారామయ్య గారు సరళీ స్వరాలు చెప్పారు, పిల్లాడు నేర్చుకున్నాడు, అంతే.

కానీ కళ నేర్చుకున్నంత మాత్రాన పొయ్యి వెలగదు. డబ్బుకి ఇబ్బంది వచ్చి నాజర్ నాటకాలు వదిలి దర్జీ పని చేశారు. దూది ఏకే వాళ్ల పిల్లాడు గుడ్డలు కుట్టడానికి కూర్చున్నాడు. మన ఇళ్లల్లో ఎంతమంది పిల్లల కథ ఇక్కడే ఆగిపోతుందో చెప్పక్కర్లేదు. పొన్నూరులో ఏ టైలర్ షాపు ముందు నిలబడినా, మెషిన్ తొక్కుతూ బాగా పాడే కుర్రాడు ఒకడు కనిపిస్తాడు.

నాజర్ కథ అక్కడ ఆగకపోవడానికి కారణం, ఆయన్ని ఈసారి గురువుగా పిలిచారు. కొమ్మినేని బసవయ్య గారి సంగీత పాఠశాలలో నేర్పే పని దొరికింది. ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించిన భాగం ఇదే, కానీ జనం దీని గురించి ఎక్కువ చెప్పుకోరు. అప్పటికి ఆయన బుర్రకథ నాజర్ కాదు, పేరూ ప్రతిష్ఠా లేవు. ఆ వయసులోనే బాల మహ్మదీయ సభ పేరుతో పిల్లల చేత నాటకాలు వేయించారు. పాదుకా పట్టాభిషేకం, ఖిల్జీ రాజ్య పతనం, భక్త రామదాసు. సమాజం పేరు మహ్మదీయ సభ, నాటకాల్లో రాముడి పాదుకలు ఒక పక్క, ఖిల్జీ ఒక పక్క. ఇప్పుడు ఎవరైనా ఇలాంటి కార్యక్రమం పెడితే రెండు వైపుల నుంచీ ఫోన్లు వస్తాయి. అప్పుడు మాత్రం ఆ పిల్లల నాటకాలు మంచి పేరు తెచ్చుకున్నాయి.

తనకి ఖాదర్ సాహెబ్ చేసింది నాజర్ ఇంకొందరు పిల్లలకి చేశారు. గాయపడిన మనిషి ఇంకొకరికి నేర్పే స్థానంలోకి వచ్చినప్పుడు అతనిలో ఏదో మారుతుంది. అప్పటిదాకా తన చిన్నతనం తనకి జరిగిపోయిన అన్యాయం మాత్రమే. ఎదురుగా కూర్చున్న పిల్లాడి మొహంలో అదే ఆకలి, అదే బెదురు కనిపించినప్పుడు, తను పడ్డది ఆ పిల్లాడిని అర్థం చేసుకోవడానికి పనికొస్తుంది.

తర్వాత కమ్యూనిస్టు పార్టీ, దాని వెంట బుర్రకథ వచ్చాయి. 1943లో బొంబాయిలో ఇప్టా పుట్టింది. అదే కాలంలో ఆంధ్రలో ప్రజా నాట్యమండలి మొదలైంది. డాక్టర్ గరికపాటి రాజారావు గారు దాన్ని నడిపించిన వాళ్లలో ముఖ్యులు. పల్లెల్లో జంగం కథలు, శారద కథలు చెప్పే పాత పద్ధతిని తీసుకుని, దానికి ఇవాళ్టి సంగతులు ఎక్కించి బుర్రకథగా జనంలోకి తీసుకెళ్లారు. నాజర్ చేతికి వచ్చాక ఆ బుర్రకథ వేరే స్థాయికి వెళ్లింది. పాట, ఆట, నటన, హాస్యం, కోపం అన్నీ ఒక్క మనిషిలో కలిశాయి. నరసరావుపేట సంగీతం, ఆడవేషాల అభినయం, పిల్లలకి నేర్పిన అనుభవం, ఏదీ వృథా పోలేదు.

బుర్రకథ చూడని పిల్లల కోసం కొంచెం చెప్పాలి. ముగ్గురు ఉంటారు. మధ్యలో కథకుడు. భుజం మీద తంబురా, వేళ్లకి అందెలు, కాళ్లకి గజ్జెలు. అందెల్లో చిన్న గుండ్లు ఉంటాయి, వేళ్లు ఆడిస్తే తాళం పలుకుతుంది. రెండు పక్కలా ఇద్దరు వంతలు, వాళ్ల దగ్గర డక్కీలు. ఒకరు హాస్యం చెప్తారు, ఇంకొకరు కథలోని సంగతిని ఇవాళ్టి లోకానికి ముడిపెట్టి చెప్తారు. వీళ్లని హాస్య వంత, రాజకీయ వంత అంటారు. కథకుడు ముందుకీ వెనక్కీ అడుగులేస్తూ చెప్తుంటే వీళ్లు తందానా అంటూ అందుకుంటారు, ప్రశ్నలు వేస్తారు, అడ్డం తగులుతారు, ఆశ్చర్యపోతారు.

ఈ అమరికని నేను చాలాసేపు ఆలోచించాను. కథకుడు ఒక్కడే దుఃఖాన్ని మోయక్కర్లేదు. అతను ఒక భయంకరమైన సంగతి చెప్పగానే పక్కనున్న మనిషి దాన్ని అందుకుంటాడు, విన్నానని గొంతుతో చెప్తాడు. ఏడుపు భరించలేనంత అయినప్పుడు హాస్య వంత ఒక మాట వేసి నవ్విస్తాడు, జనం ఊపిరి పీల్చుకుంటారు, మళ్లీ కథ సాగుతుంది. రెండో వంత, ఇది నీ ఒక్కడి ఖర్మ కాదు, దీనికి కారణాలున్నాయి అని గుర్తుచేస్తాడు. పిల్లల మానసిక ఆరోగ్యం మీద పనిచేసే వాళ్లు ఇవాళ శిక్షణ తీసుకుని చేసే పనులు కూడా ఇవే కదా: వినడం, విన్నట్టు తెలియజేయడం, మధ్యలో ఊపిరి తీసుకోనివ్వడం, తప్పు నీది కాదని చెప్పడం. మన పల్లె కళలో ఇవన్నీ ఎప్పటినుంచో ఉన్నాయి.

1943లోనే బెంగాల్ కరువు వచ్చింది. చరిత్రకారుల లెక్కల ప్రకారం చనిపోయిన వాళ్లు 20 నుంచి 30 లక్షలు. యుద్ధం, ధరలు, ప్రభుత్వ నిర్లక్ష్యం అన్నీ కలిసి తెచ్చిన కరువది. ప్రజా నాట్యమండలి కళాకారులు ఆ కరువు గురించి ఆంధ్ర పల్లెల్లో పాడారు, ఆడారు. నాజర్ బెంగాల్ కరువుని బుర్రకథ చేశారు. అప్పుడు ఆయనకి 23 ఏళ్లు. గుంటూరు జిల్లా రైతుకి కలకత్తా ఎక్కడో, అక్కడి మనుషుల మొహాలు ఎలా ఉంటాయో తెలియదు. కానీ కథ చెప్తున్న మనిషి లేమి ఎరిగినవాడు. పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు కథలు ఆయనకి ఎక్కువ పేరు తెచ్చాయి, నిజమే. నా లెక్కలో మాత్రం బెంగాల్ కరువే ఆయన సొంత కథ. చిన్నప్పుడు తన ఇంట్లో చూసిన లేమి అక్కడ లక్షల మంది ఆకలితో కలిసిపోయింది. ఒంటరి పిల్లాడి సిగ్గు జనమందరి ప్రశ్న అయింది.

విచిత్రం ఏమిటంటే సరిగ్గా అవే సంవత్సరాల్లో లోకంలో ఇంకా రెండు చోట్ల ఇదే పని వేరే రూపంలో జరిగింది. ఇంగ్లండ్‌లో ఏడ్రియన్ హిల్ అనే చిత్రకారుడు టీబీ ఆసుపత్రిలో ఉన్నప్పుడు బొమ్మలు వేస్తూ తేరుకున్నాడు, తోటి రోగుల చేత కూడా వేయించాడు. 1942లో ఆయనే ఈ పద్ధతికి ఆర్ట్ థెరపీ అని పేరు పెట్టాడు. అదే ఏడాది చివర్లో వియన్నాలో పుట్టిన ఫ్రీడల్ డికర్ బ్రాండైస్ అనే యూదు చిత్రకారిణిని నాజీలు తెరెజిన్ నిర్బంధ శిబిరానికి పంపారు. ఆమె అక్కడ తల్లిదండ్రులకి దూరమైన పిల్లలకి రహస్యంగా బొమ్మలు నేర్పింది. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్‌కి తీసుకెళ్లి చంపేశారు. వెళ్లేముందు ఆమె దాచిన రెండు సూట్‌కేసుల్లో సుమారు 4,500 పిల్లల బొమ్మలు దొరికాయి. అవి ఇప్పుడు ప్రాగ్ యూదు మ్యూజియంలో ఉన్నాయి. ఆ బొమ్మలు వేసిన పిల్లల్లో చాలామంది బతకలేదు. కళ వాళ్ల ప్రాణం కాపాడలేకపోయింది, ఉన్న రోజుల్లో మాత్రం వాళ్లని పిల్లలుగా ఉంచింది. నాజర్‌కి వీళ్ల పేర్లు తెలిసే అవకాశం లేదు, వీళ్లకి గుంటూరు జిల్లా అంటే తెలిసే అవకాశం లేదు.

ఆంధ్రలోనే ఇంకో మనిషిని చెప్పాలి. కొండపల్లి కోటేశ్వరమ్మ గారు. ఊహ తెలియని వయసులో పెళ్లి చేశారు, బొమ్మలాడుకునే వయసులోనే భర్త పోయాడు. బాల వితంతువు. ఆ రోజుల్లో ఆ మాటకి అర్థం ఏమిటో మన నానీలని అడగండి. ఆమె కూడా ప్రజా నాట్యమండలిలోనే పాడారు, నటించారు. తర్వాత జీవితం ఆమెని ఇంకా చాలా దెబ్బలు కొట్టింది, ఆమె నిలబడి తన కథ తానే రాశారు. నిర్జన వారధి ఆ పుస్తకం పేరు. 2018లో కన్నుమూశారు. నాజర్, కోటేశ్వరమ్మ వేరు వేరు ఇళ్ల నుంచి, వేరు వేరు గాయాలతో వచ్చి ఒకే వేదిక మీదకి చేరారు.

జనం వింటున్నారంటే ప్రభుత్వాలు ఊరుకోవు. ఇటు మద్రాసు ప్రభుత్వం, అటు నిజాం ప్రభుత్వం బుర్రకథని నిషేధించాయి. చేతిలో తంబురా ఉన్న ముగ్గురు మనుషుల్ని చూసి అంత భయం. దళాలు చెదిరిపోయాయి, కళాకారులు కష్టాలు పడ్డారు. ఆ తర్వాత సినిమా వచ్చింది. గరికపాటి రాజారావు గారు తీసిన పుట్టిల్లు 1953లో విడుదలైంది, అందులో నాజర్ బుర్రకథ ఉంది. మరుసటి ఏడాది ఎన్టీఆర్, భానుమతి నటించిన అగ్గిరాముడులో ఆయన చెప్పిన అల్లూరి సీతారామరాజు బుర్రకథ ఇప్పటికీ యూట్యూబ్‌లో చూస్తున్నారు. పిల్లలకి చూపించడానికి అదే మంచి మొదలు. ఆకాశవాణిలో, తర్వాత దూరదర్శన్‌లో కూడా ఆయన కథలు వచ్చాయి. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. అంతకంటే ఎక్కువ ఇవ్వాల్సింది అనేవాళ్లు ఉన్నారు, ఆ మాట కాదనలేం.

మన ఇళ్లల్లో ఈ కథ చదివి కొందరు అడిగే ప్రశ్న నాకు తెలుసు. సంగీతం సరైనదేనా అని. ఆ చర్చ ఉలమాలది, నేను దాన్లోకి వెళ్లను. నాత్ చదవడం, ఖత్తాతీ నేర్చుకోవడం, బొమ్మలు అభ్యంతరమైతే తీగలూ పూలూ వేయడం, కథ చెప్పడం, ఇవి ఏ ఇంట్లోనూ గొడవ కావు. నా బాధ వేరే. తండ్రి తాగొచ్చి కొట్టడం చూసిన పిల్లాడు, తల్లి చనిపోయి మేనమామ ఇంట్లో పెరుగుతున్న పిల్ల, వానాకాలం మిరప తోటల్లో, చలికాలం పత్తి చేలో కూలికి వెళ్లి బడికి దూరమైన పిల్లలు మన చుట్టూ ఉన్నారు. వాళ్ల గురించి మనం అడిగేది మార్కులు ఎన్ని వచ్చాయని, పని ఎప్పుడు నేర్చుకుంటారని. డ్రాయింగ్ పీరియడ్ లెక్కల సారుకి ఇచ్చేస్తే సంతోషపడే తల్లిదండ్రులం మనమే. గాయం లోతుగా ఉంటే పాట ఒక్కటే చాలదన్నది కూడా నిజం. నిద్ర పోని, తిండి మానేసిన, తనని తాను గాయపరచుకునే పిల్లల్ని డాక్టరుకి చూపించాలి. ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా మాట్లాడతారు. పిల్లాడిని ఎవరైనా హింసిస్తుంటే 1098 ఉంది. తాయెత్తు కట్టి ఊరుకోకండి.

నాజర్ జీవితం చివరి భాగంలో తన కథ తానే చెప్పుకున్నారు. అంగడాల వెంకట రమణమూర్తి గారు దాన్ని పుస్తకంగా తెచ్చారు. జీవితమంతా పల్నాటి వీరుల కథ, బొబ్బిలి వాళ్ల కథ, సీతారామరాజు కథ చెప్పిన మనిషి ఆఖరికి పొన్నెకల్లు పిల్లాడి కథ చెప్పారు. ఆ పుస్తకానికి బుర్రకథ పితామహుడు అని పేరు పెట్టొచ్చు, పద్మశ్రీ నాజర్ అని పెట్టొచ్చు. పింజారి అని పెట్టారు. తిట్టుగా వాడుకైన ఆ మాట మీద జనం ఇప్పుడు ఒక కళాకారుడి జీవితం చదువుకుంటున్నారు. మన దూదేకుల కుటుంబాల్లో ఆ పుస్తకాన్ని చదవని వాళ్లే ఎక్కువ. పేరు చూసి ఇబ్బంది పడి పక్కన పెట్టిన వాళ్లు కూడా ఉండి ఉంటారు.

1997 ఫిబ్రవరి 22న నాజర్ గారు చనిపోయారు. అప్పటికి ఆయనకి 77 ఏళ్లు నిండాయి. దూది ఏకే విల్లు ఇప్పుడు మన ఇళ్లల్లో ఎక్కడా కనిపించదు, ఆ పని జిన్నింగ్ మిల్లులు, పరుపుల కంపెనీలు తీసుకున్నాయి. బుర్రకథ దళాలు మాత్రం తగ్గినా ఇంకా ఉన్నాయి. తిరునాళ్లలో, ప్రభుత్వ ప్రచార సభల్లో ముగ్గురు మనుషులు అలాగే నిలబడతారు, మధ్యలో ఉన్న మనిషి అందెలు పలికించి కథ ఎత్తుకుంటాడు.